రెండు అంగల నోటుబుక్కు

“...లేదంటే లేదక్కా, ఇంకెంత లోతుకి పొమ్మంటావు? భూమికి అటువైపు వాళ్లు పలకరించేదాకా తవ్వమంటావా?”

“లోతుకి కాదు, పక్కకి తవ్వమంటున్నాను.”

“ఏ పక్కకి? పక్కలు నాలుగున్నాయి.”

అడిగింది తవ్వకం మేస్త్రి. గుండెల లోతు గుంటలో నిలబడి, పారను గుంట గోడకి ఆనించి పైకి చూస్తున్నాడు. పైన నిలబడ్డావిడ నీళ్ల శాఖలో వాల్వులు తిప్పే ఉద్యోగి. ఆ శాఖలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు, అందరికీ వాల్వక్కే. ఏ పక్కకో తెలిస్తే పొద్దున సుద్దగీత అక్కడే గీసేది.

గుంట అడుగున తడిమట్టి, పాత ట్రాము పట్టా ముక్క ఒకటి కనిపిస్తున్నాయి. వాల్వు లేదు. మార్కెట్ రోడ్డులో ఇది మూడో గుంట. మొదటి రెండూ ఇంజనీరు లెక్కతో తవ్వారు. ఇది మాత్రం ఆమె లెక్క. సాయంత్రాలు కాలేజీలో కూర్చుని, తన చేత్తో కంప్యూటర్లో గీసిన మ్యాపు చెప్పిన చోటు.

ఆ రోడ్డు కింద పదకొండు వాల్వులు ఉండాలి. తారు మీద తారు పోస్తూ పోయిన ఏళ్లలో వాటి మూతలు ఒక్కొక్కటే అడుగున పడిపోయాయి. ఇప్పుడు ఆ రోడ్డుకి కాంక్రీటు వేయబోతున్నారు. ఈలోగా వాల్వుల్ని కనిపెట్టి మూతలు పైకి లేపకపోతే అవి ఇక ఎప్పటికీ దొరకవు. ఆ తర్వాత చుట్టుపక్కల ఆరు వీధుల్లో ఎక్కడ గొట్టం పగిలినా పెద్ద ట్యాంకు దగ్గరే నీళ్లు ఆపాలి. అక్కడ ఆపితే ప్రసూతి ఆసుపత్రిలో కూడా కుళాయి ఎండిపోతుంది. ఇనుము కనిపెట్టే యంత్రం కూడా తెచ్చి చూశారు. ట్రాము పట్టాల పుణ్యమా అని, అది రోడ్డు ఈ చివర మొదలుపెట్టిన కూత ఆ చివరదాకా ఆపలేదు.

ఇంజనీరు గొంతు పెంచే మనిషి కాదు. గుంటలోకి వంగి చూసి, చేతులు దులుపుకొని, ఆమె పక్కకి వచ్చాడు. కాంక్రీటు లారీలు వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం వస్తాయనీ, ఈలోగా ఈ రోడ్డుని ఇలా జల్లెడ చేయలేననీ చెప్పాడు.

“ఇంకొక్క గుంట ఇస్తానమ్మా. ఒక్కటే. అందులోనూ లేకపోతే ఆ నోటుబుక్కుని పాత కాగితాల గదికి పంపించేద్దాం. మీ మామగారంటే గౌరవం లేక కాదు. అందులో రాసింది నిజమో కాదో మనకి తెలియడం లేదు, అంతే.”

వాల్వక్క తల ఊపింది. నోటుబుక్కుని ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో పెట్టుకుంది. గుంట పూడ్చేదాకా అక్కడే నిలబడి, మూడు గంటలకి తిప్పాల్సిన వాల్వు ఉంటే వెళ్లింది.

ఆ నోటుబుక్కు ఆమె మామగారిది. నీళ్ల శాఖలో ముప్పైనాలుగేళ్లు వాల్వులు తిప్పిన మనిషి. నిట్టాడిలా పొడుగ్గా ఉండేవాడట. కొత్త గొట్టం ఎక్కడ వేసినా, వాల్వు ఎక్కడ బిగించినా, ఆ రోజే పుస్తకంలో ఎక్కించేవాడు. వీధి బొమ్మ, ఒక గోడ మూల, అక్కడి నుంచి బాణం గుర్తు, బాణం మీద అంకె: ఇన్ని అంగలు. శాఖవాళ్లు కొలిచే టేపు ఇస్తామని ఇస్తామని చివరిదాకా ఇవ్వలేదు. ఆయన తన కాళ్లతోనే కానిచ్చాడు. తొంభై పేజీల్లో మూడువందల పన్నెండు వాల్వులు. తారీకులు మాత్రం ఎక్కడా వేయలేదు. వాల్వు ఎప్పుడు పెట్టారో ఎవరికి కావాలి, ఎక్కడుందో కావాలి గానీ, అనేవాడు.

ఆమె కోడలిగా ఆ ఇంటికి వచ్చేసరికి ఆయన ఎడమకాలు ఈడుస్తూ నడిచేవాడు. కొన్నేళ్లకి చూపు కూడా మందగించింది. బరువైన వాల్వు తాళంచెవి మోయడానికీ, మూత మీద నంబరు చదవడానికీ కోడలు వెంట వెళ్లేది. అలా పదకొండేళ్లు ఆయన వెనక నడిచింది. తాళంచెవి పిడికి చెవి ఆనించి కింద నీళ్లు పారుతున్నాయో లేదో వినడం, ఏ వాల్వుకి ఎన్ని చుట్లో, ఏది ఆఖరి చుట్టు దగ్గర మొరాయిస్తుందో గుర్తుపెట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన పోయాక శాఖవాళ్లు ఆ ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. ఇది వంటింటి కుళాయి కాదమ్మా అన్నవాళ్లు ఉన్నారు. ఆమె పోట్లాడలేదు. ఇద్దరు మగవాళ్లు వేలాడినా కదలని ట్యాంకు వాల్వుని, ముందు అరచుట్టు వెనక్కి తిప్పి తర్వాత ముందుకి తిప్పి, ఒక్కతే తెరిచింది. ఆ తర్వాత ఎవరూ కుళాయి ఊసెత్తలేదు.

చదువు సంగతి అలాగే మొదలైంది. ఒకరోజు సంతకం పెట్టడానికి ఆఫీసుకి వెళితే, ఇంజనీరు బల్ల మీద కంప్యూటర్లో ఊరి మ్యాపు కనిపించింది. గొట్టాలన్నీ నీలం గీతలు, వాల్వులు ఎర్రచుక్కలు. ఆమె తను రోజూ తిప్పే వాల్వుల్ని వెతుక్కుంది. వాటిలో పద్నాలుగు అందులో లేవు. లేవని చెబితే ఇంజనీరు ఒప్పుకున్నాడు, కానీ గీసేవాళ్లు లేరన్నాడు. ఇది ఎక్కడ నేర్పుతారని అడిగింది. కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులున్నాయి, జీఐఎస్ అంటారు, ఎనిమిది నెలలు అని చెప్పి, ఆయన మళ్లీ ఫోను అందుకున్నాడు. అడిగినందుకు చెప్పాడే గానీ, యాభై ఒక్క ఏళ్ల మనిషి నిజంగా వెళ్లి చేరుతుందనుకోలేదు.

కాలేజీ రెండో అంతస్తులో చివరి గది. కింద వడ్రంగం క్లాసు కాబట్టి మెట్లన్నీ రంపపు పొట్టు వాసన. గదిలో పన్నెండు కంప్యూటర్లు, ఆమెకి వచ్చింది ఫ్యాను గరగరలాడేది. పాఠం చెప్పే మేడమ్ ఆమె కూతురికంటే రెండేళ్లు చిన్నది. మొదటిరోజు మేడమ్ బోర్డు మీద ఒకే ఒక్క వాక్యం రాసింది: భూమ్మీద ఏది ఎక్కడుందో, కంప్యూటర్లోనూ అది అక్కడే ఉండాలి. వాల్వక్కకి ఆ వాక్యం నచ్చింది. అదైతే మామయ్య చేసిన పనే కదా అనుకుంది.

నచ్చడం వేరు, మౌస్ మాట వినడం వేరు. రెండు చేతులతో ఇరవై కిలోల తాళంచెవి తిప్పే మనిషికి గుప్పెట్లో పట్టే ఆ వస్తువు లొంగడానికి మూడు వారాలు పట్టింది. పక్క కంప్యూటర్ దగ్గర రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉండేవాడు. ఊళ్లో బస్టాపులన్నీ తప్పుడు చోట్ల పెట్టారని ఆయనకి పాతికేళ్ల ఫిర్యాదు, దాన్ని మ్యాపు వేసి నిరూపించాలని చేరాడు. అందరూ బస్సు బాబాయి అనేవారు.

“స్టీరింగులా పట్టకు తల్లీ, అది ఎక్కడికీ పోదు,” అనేవాడు.

“మీరు బ్రేకు తొక్కడం మానండి బాబాయ్, కింద వడ్రంగులు భయపడుతున్నారు,” అనేది. మ్యాపు జరపాల్సి వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేలని తన్నేది మరి.

రెండోనెలలో కాలేజీ జీపీఎస్ డబ్బా తీసుకెళ్లి తొమ్మిది వాల్వుల కొలతలు తెచ్చింది. మ్యాపులో వేస్తే తొమ్మిదీ వెళ్లి నది మధ్యలో వరసగా పడ్డాయి. గదంతా నవ్వింది. నీళ్ల శాఖవాళ్లవి కదా, నీళ్లలోకే పోతాయన్నాడు బాబాయి. మేడమ్ నవ్వలేదు. డబ్బా ఒక పద్ధతిలో కొలిచిందనీ, ఆఫీసు మ్యాపు వేరే పద్ధతిలో గీశారనీ, రెండింటికీ లెక్క మొదలయ్యే చోటు వేరనీ చెప్పింది. ఎక్కడ నిలబడి కొలిచారో తెలియకుండా ఏ అంకెనీ నమ్మొద్దంది. వాల్వక్క ఆ మాటని తన పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది.

ఇంటికెళ్లి భర్తకి కూడా చెప్పింది. ఆయన దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. మ్యాపంటే ఒక కాగితం కాదండీ, మీరు కత్తిరింపులకి పల్చటి కాగితాలు ఒకదానిమీద ఒకటి పెడతారే, అలా, అంది. ఒకదానిమీద రోడ్లు, ఒకదానిమీద గొట్టాలు, ఒకదానిమీద వాల్వులు. గుండుసూదులు సరిగ్గా గుచ్చకపోతే చొక్కా చెయ్యి వెళ్లి వీపు మీద ఉంటుంది. ఆయన మిషను ఆపి విన్నాడు. అయితే నీకు నా పని వచ్చేసిందన్నమాట అన్నాడు. దుకాణానికి వచ్చినవాళ్లకి మా ఆవిడ ఊరికి కొలతలు తీస్తోందని చెప్పడం అప్పటినుంచే మొదలుపెట్టాడు.

చివరి ప్రాజెక్టుకి ఆమె నోటుబుక్కునే ఎంచుకుంది. అంగల్ని మీటర్లుగా మార్చాలి. దానికి ఆమె పట్టిన దారి తేలికైనదే. మూతలు ఇంకా పైకి కనిపిస్తున్న వాల్వులు ఊళ్లో అరవై ఒకటి దొరికాయి. ప్రతిదాని దగ్గరా మామగారు చెప్పిన గోడ మూల నుంచి మూత దాకా టేపు పట్టి కొలిచింది. ఆ మీటర్లని ఆయన రాసిన అంగలతో భాగించింది. అరవై ఒక్కటికీ సగటు తీసింది. ఒక అంగకి డెబ్బై ఒక్క సెంటీమీటర్లు వచ్చింది. ఇంజనీరు లెక్కలో అంగంటే రెండున్నర అడుగులు, ఎవరి అంగైనా. ఆమెది మామగారి సొంత అంగ. ఆ అంకె తేలిన రోజు ఆమె కాలేజీ మెట్లు రెండేసి చొప్పున దిగింది.

ఆ అంకెతో తవ్విందే మూడో గుంట.

గుంట పూడ్చిన సాయంత్రం కూడా ఆమె క్లాసుకి వెళ్లింది. కంప్యూటర్ తెరిచి ఊరికే కూర్చుంది. బాబాయి ఒకసారి ఇటు చూసి, ఆ రోజుకి జోకులు మానేశాడు. మేడమ్ దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. జరిగింది విన్నాక, సగటు వదిలెయ్ అక్కా, అసలు చుక్కలు చూద్దాం అంది. అరవై ఒక్క వాల్వులకి అరవై ఒక్క చుక్కలు. కింద గీత మీద పేజీ నంబరు, పక్క గీత మీద అంగ పొడవు.

తెర మీద చుక్కలు పడ్డాయి. ఒక్క చుక్క కూడా డెబ్బై ఒకటి దగ్గర లేదు. సగం ఎనభై రెండు దగ్గర గుంపుగా ఉన్నాయి. మిగతా సగం అరవై దగ్గర. మొదటి పేజీ నుంచి నలభై నాలుగో పేజీ దాకా పైన. యాభై రెండో పేజీ నుంచి చివరిదాకా కింద. మెట్టు దిగినట్టు.

మేడమ్ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“ముందు చుక్కలు చూసి, తర్వాత సగటు తియ్యమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఆ గుంట తప్పు నాది కూడా,” అంది. తర్వాత, “ఇది ఇద్దరు మనుషులు నడిచిన పుస్తకం అక్కా. పొడుగాయన ఒకరు, పొట్టాయన ఒకరు.”

వాల్వక్క కాదంది. పుస్తకం తీసి చూపించింది. మొదటి పేజీలో, చివరి పేజీలో అదే చెయ్యి. ఏడు అంకెకి నడుం దగ్గర అడ్డగీత పెట్టే అలవాటు రెండుచోట్లా ఉంది. అయితే ఆయనే ఇంకొకరిని నడవమని, అంకె మాత్రం తను రాసి ఉంటాడంది మేడమ్. అది ఆమె తప్పు ఉద్దేశంతో అనలేదు. కానీ వాల్వక్కకి గుచ్చుకుంది. తను నడవని వాల్వుకి మామయ్య అంకె వేయడు.

గుచ్చుకోవడం అలా ఉంచితే, అసలు చిక్కు వేరే ఉంది. మార్కెట్ రోడ్డు నలభై అయిదో పేజీలో మొదలై యాభై ఒకటో పేజీలో ముగుస్తుంది. సరిగ్గా ఆ మధ్య పేజీలకే చుక్కలు లేవు, అక్కడ మూతలన్నీ తారు కింద ఉన్నాయి కాబట్టి. మెట్టు ఆ ఏడు పేజీల్లోనే ఎక్కడో ఉంది. పదకొండు వాల్వుల్లో ఎన్నింటికి ఎనభై రెండు, ఎన్నింటికి అరవై? చేతిలో ఉన్నది ఒక్క గుంట.

ఆదివారం మధ్యాహ్నం ఆమె దుకాణం గదిలో చాప మీద కూర్చుని పుస్తకం పేజీలు తిప్పుతోంది. భర్త ఎవరిదో ప్యాంటు అంచు ఊడదీస్తున్నాడు. ఇద్దరు నడిచారంట, ఆ రెండోవాడు ఎవడో తెలియడం లేదంది, ఆయనకి చెబుతున్నట్టుగా కాదు, తనలో తను అనుకుంటున్నట్టు.

“ఎవరు నడిచారు ఇద్దరు?”

ఆమె చుక్కల కాగితం చూపించింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, కాగితాన్ని కిటికీ వైపు తిప్పి చూశాడు. చూసి నవ్వాడు.

“ఇద్దరేంటే పిచ్చిదానా. ఒక్కడే. నాన్న గుంటలో పడకముందు నడిచిన కాళ్లు ఇవి, పడ్డాక నడిచిన కాళ్లు ఇవి. నువ్వు ఆ కుంటి నడకే చూశావు. పడకముందు ఆయన పక్కన నడవాలంటే నేను పరిగెత్తాల్సి వచ్చేది.”

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. పదకొండేళ్లు ఆ నడక వెనకే నడిచింది. ఆ మనిషికి ఇంకో నడక ఉండేదన్న సంగతి ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

“ఎక్కడ పడ్డారు?”

“అచ్చు ప్రెస్సు ముందు గుంటలో. మార్కెట్ రోడ్డులోనే. కొలత రాసుకుని, వాల్వు బిగిస్తుంటే గట్టు విరిగి మీద పడింది. నాలుగు నెలలు మంచం మీదే.” ఆయన లేచి, బట్టల తానుల వెనక నుంచి అట్ట ఊడిపోయిన పాత కొలతల పుస్తకం తీశాడు. మొదటి పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. “మా గురువు నాకు అప్పగించిన మొదటి ప్యాంటు ఇదే. నాన్న మంచం దిగాక కుట్టింది. చూడు.”

కుర్రచేతి రాత. కుడికాలు నలభై ఒకటి. ఎడమకాలు ముప్పై తొమ్మిదిన్నర. ఎడమ అంకె కింద రెండు గీతలు, మరిచిపోకుండా.

వాల్వక్క నోటుబుక్కు నలభై ఎనిమిదో పేజీ తీసింది. ప్రెస్సు గోడ మూల ఆ పేజీలోనే ఉంది. ప్రెస్సు ఎదుటి వాల్వు ఆరోది. అక్కడిదాకా పెన్సిలు రాత. ఏడో వాల్వు నుంచి సిరా పెన్ను. ఆ తేడా ఆమె వందసార్లు చూసింది. పెన్సిలు అరిగిపోయి ఉంటుందని అనుకుంది.

మళ్లీ ఒకసారి ఇద్దరూ రెండు పుస్తకాల మీద వంగారు. తర్వాత ఆయన వెళ్లి ప్యాంటు అంచు అందుకున్నాడు. కాసేపయ్యాక, తల ఎత్తకుండానే, గుంట ఎప్పుడు తవ్వుతారని అడిగాడు.

మర్నాడు కాలేజీలో ఆమె మ్యాపుని మళ్లీ వేసింది. ఈసారి అంగ పొడవుకి ఒక గడి కాకుండా రెండు గడులు పెట్టింది. మొదటి ఆరు వాల్వులకి ఎనభై రెండు, తర్వాత అయిదింటికి అరవై. ఎర్రచుక్కలు కొన్ని ముందుకి జరిగాయి, కొన్ని వెనక్కి. మేడమ్ వెనక నిలబడి అంతా చూసి, ఇద్దరు మనుషులన్న మాట వెనక్కి తీసుకుంటున్నానంది. బాబాయి మాత్రం ఒక్కటే అడిగాడు. ఉన్నది ఒక్క గుంటే కదా తల్లీ, ఏ వాల్వు మీద పందెం కాస్తావు?

ఆమె ఏడోది అంది. పడ్డాక రాసిన మొదటి వాల్వు అది. ఆ కాలు తనకి తెలుసు.

మంగళవారం పొద్దున తొమ్మిదికి తవ్వకం మొదలైంది. ప్రెస్సు గోడ మూల నుంచి ఇరవై ఎనిమిది అంగలు, అరవై సెంటీమీటర్ల చొప్పున పదహారు మీటర్ల ఎనభై. అక్కడ నడుమ పెట్టి మీటరు వెడల్పుకి ఆమె సుద్దగీత గీసింది. ఇంజనీరు ఫోను జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. ఎదుటి పేవ్‌మెంటు మీద ఆమె భర్త ఉన్నాడు. దుకాణం మూసి వచ్చాడు గానీ, మెడలో టేపు తీయడం మరిచిపోయాడు.

తారు లేచింది. కంకర లేచింది. మట్టి మొదలైంది. మీటరు లోతు దాటింది. మేస్త్రి పార పక్కన పెట్టి పలుగు అందుకున్నాడు. మీటరు పావు దగ్గర గుంట నడిమధ్య పలుగు వేస్తే మెత్తగా దిగిపోయింది. ఇంకోచోట వేశాడు, అక్కడా దిగింది. ఇంజనీరు గడియారం చూసుకోలేదు, కానీ చూసుకోకుండా ఉండటానికి కష్టపడుతున్నట్టు కనిపించాడు.

“ఏ పక్కకక్కా?” అన్నాడు మేస్త్రి. ఎగతాళి లేదు, అడుగుతున్నాడంతే.

వాల్వక్క ప్రెస్సు గోడ వైపు చూసింది. నాలుగు నెలలు మంచం మీద ఉండి, లేచి, మొదటిసారి ఆ రోడ్డు మీదికి వచ్చిన మనిషి. తను ఎరిగిన కుంటి నడక అలవాటు పడ్డ నడక. ఇది అప్పటికింకా అలవాటు కాలేదు, అంగ ఇంకాస్త పొట్టిగానే పడి ఉంటుంది.

“వెనక్కి,” అంది. “గోడ వైపు అంచు. జానెడు, అంతకంటే వద్దు.”

మేస్త్రి అంచు దగ్గర పలుగు వేశాడు. ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వచ్చింది. ట్రాము పట్టా మోగినట్టు కాదు, కింద బోలు ఉన్న చప్పుడు. అతను పలుగు పక్కన పడేసి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తీశాడు. గుండ్రటి మూత అంచు బయటపడింది. మూత మీద మట్టి తుడిస్తే ఏడు కనిపించింది.

ఆమె గుంటలోకి దిగింది. మూత లేపించి, తాళంచెవి వేసి, పిడికి చెవి ఆనించింది. కింద నీళ్లు పారుతున్నాయి. అరచుట్టు వెనక్కి, తర్వాత ముందుకి తిప్పింది. అంతకాలం తిప్పని వాల్వు, అయినా కదిలింది. పైకి వచ్చి టేపు పట్టి కొలిస్తే పదహారు మీటర్ల ముప్పై. అంగకి యాభై ఎనిమిది. ఆ అంకెని కాగితం మీద రాసుకుంటుంటే, మేస్త్రి గుంటలో నుంచి పైకి చూసి, “మీ మామగారు అబద్ధం రాయలేదక్కా,” అన్నాడు. రాయరని ఆమె అంది. పేవ్‌మెంటు మీద ఆమె భర్త పక్కన నిలబడ్డ ఎవరికో ఏదో చెబుతున్నాడు. చేత్తో తన ఎడమకాలు చూపిస్తున్నాడు.

ఇంజనీరు ఇక గుంటల లెక్క అడగలేదు. శనివారం సాయంత్రానికి పదకొండూ బయటపడ్డాయి. తొమ్మిది సరిగ్గా సుద్దగీత లోపలే ఉన్నాయి, రెండింటికి మాత్రం మేస్త్రి ఏ పక్కకని అడగాల్సి వచ్చింది. రెండుసార్లూ ఆమె చెప్పింది. సోమవారం కాంక్రీటు పడింది. పదకొండు మూతలు కొత్త రోడ్డుకి సమంగా, వర్షపు నీళ్లు నిలవని విధంగా బిగించారు.

ఆ నెల చివర ప్రాజెక్టులు చూపించే రోజు ఆమె గోడ మీద తెరకి పక్కగా నిలబడి పది నిమిషాలు మాట్లాడింది. ముందు సగటు చూపించింది. తర్వాత మూడో గుంట ఫొటో, ఖాళీది. తర్వాత చుక్కలు. తన తప్పు దాచిపెట్టలేదు, తప్పు చూపించకపోతే మెట్టు అర్థం కాదు కాబట్టి. చివర కొలతల పుస్తకం మొదటి పేజీ చూపించినప్పుడు గదిలో వెనక వరసవాళ్లు లేచి ముందుకి వచ్చారు. కొత్తగా చేరే బ్యాచికి సగటు పాఠం రోజున ఈ చుక్కలే చూపిస్తానని, అనుమతి కావాలని మేడమ్ అడిగింది. బస్సు బాబాయి తన బస్టాపుల ప్రాజెక్టు పాసయినందుకంటే పక్కసీటు మనిషికి క్లాసులో మొదటి మార్కు వచ్చినందుకు ఎక్కువ చప్పట్లు కొట్టాడు. సర్టిఫికెట్‌ని ఆమె భర్త దుకాణంలో, పెద్ద అద్దం పక్కన, ప్యాంట్లు వేసుకుని చూసుకునేవాళ్ల కంటికి ఎదురుగా తగిలించాడు.

ఒకటో తారీకున ఇంజనీరు ఆమెని ఆఫీసుకి పిలిపించాడు. ఆమె నిలబడే ఉంటే కూర్చోమన్నాడు. మ్యాపు గదిలో కుర్చీ ఆమెకి కేటాయిస్తూ కాగితం సిద్ధమైందని చెప్పాడు. కిటికీ పక్క బల్ల, కొత్త కంప్యూటర్. ఎండలో తిరగక్కర్లేదు, తాళంచెవి మోయక్కర్లేదు. వాల్వులు తిప్పడానికి వేరే మనిషిని వేస్తారు. నోటుబుక్కులో మిగతావాటిని రెండు అంగల లెక్కతో ఆ బల్ల దగ్గర కూర్చునే మ్యాపులోకి ఎక్కించేయొచ్చు. అదయ్యాక ఆ పుస్తకాన్ని తుక్కులా కాక, శాఖ భద్రంగా దాచుకునే వస్తువుగా బీరువాలో పెడతామన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. కాగితాన్ని ఆమె వైపు జరిపాడు, పైన పెన్ను పెట్టాడు.

ఆమె కాగితం మొత్తం చదివింది. సంచిలో నుంచి నోటుబుక్కు తీసి, దానిమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

“ఇందులో మూడువందల పన్నెండు ఉన్నాయి సార్. ఏడోదాని దగ్గర రెండు అంగల లెక్క కూడా అర మీటరు తప్పింది. ఇప్పటికి డెబ్బై రెండింటి దగ్గరే టేపు పట్టాను. ఇంకా రెండువందల నలభై నడవాలి. కుర్చీ అలా ఉంచండి, అవి నడిచాక వస్తాను.”